కెప్టెన్ గారిని దగ్గించిన మిరపకాయలు

ఆకాశాన్నీ, అందులో ఎగిరే ప్రతిదాన్నీ తన చేతుల్లో మోస్తున్న దేవునికి స్తోత్రం!

సువార్త సభల కోసం విమానంలో ఢిల్లీ వెళుతున్నాను. సగం దూరం వెళ్ళాక అందరికీ ఒక్కసారిగా దగ్గు మొదలైంది. పొగేమోనని హడలిపోయాం. నేను గొంతెత్తి, "అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థిద్దాం," అన్నాను.

"మూసుకోవడమే మంచిదండి, తెరిస్తే మండుతున్నాయి," అన్నాడు పక్క సీట్లోని గుంటూరు మిర్చి వ్యాపారి.

ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది. పొగ ఎక్కడిదో తేలకపోతే కెప్టెన్ గారు విమానాన్ని మధ్యలోనే ఏదో ఊళ్ళో దించేస్తారట. నా సభేమో ఆ సాయంత్రమే! ఇంకా గట్టిగా ప్రార్థించాను.

వ్యాపారి మాత్రం రెండుసార్లు తుమ్మి, "పొగ కాదమ్మా, ఇది తేజ రకం మిరపకాయ. కొత్త పంట. మా మిర్చి యార్డులో సరుకు చూడక్కర్లేదు, తుమ్మితే చాలు," అన్నాడు.

నా ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. ఢిల్లీ విశ్వాసులకు ఇవ్వమని మా ఆవిడ ఎండుమిరపకాయలు కట్టిచ్చిన గుడ్డసంచి నా తలపైన అరలోనే ఉంది. అర తెరిచి చూస్తే, ఎవరిదో సూట్‌కేసు కింద కాయలన్నీ పొడిపొడిగా నలిగిపోయి ఉన్నాయి.

"అమ్మా, అది నాదే," అని ఒప్పుకున్నాను. విమానం నేరుగా ఢిల్లీకే వెళ్ళింది.

దిగేటప్పుడు కెప్టెన్ గారు ఎర్రటి కళ్ళతో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఇంతమంది ప్రాణాలకు జవాబు చెప్పాల్సింది నేనండీ. ఈసారి ముందు సంచి చూసుకోండి, తర్వాత ప్రార్థించండి," అన్నారు హిందీలో. అని, దగ్గి, తుమ్మారు.

చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ కెప్టెన్ గారి కళ్ళమంట తగ్గించు, నాకు ముందు సంచి చూసుకునే బుద్ధినివ్వు. ఆమేన్.