సమ్మతమేనా అని అడిగినప్పుడు

అనకాపల్లి పక్కన ఒక ఊళ్లో హెడ్మిస్ట్రెస్‌గా చేరిన కొత్తలో, తల్లిదండ్రుల మీటింగులు నడపడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. విషయం చెప్పేదాన్ని. ఇద్దరు ముగ్గురు పెద్దలు మాట్లాడేవారు. "అందరికీ సమ్మతమేనా?" అనేదాన్ని. ఎవరూ కాదనేవారు కాదు. అరగంటలో ముగిసిపోయేది.

ఒకసారి అలాగే, ఎనిమిదిన్నర దాకా బడి గేటు తెరవకూడదని తీర్మానించాం. ముందే వచ్చిన పిల్లలు కుళాయిలు విరగ్గొడుతున్నారని బడి కమిటీ చైర్మన్ పట్టుబట్టారు. ఆయన చెరకు రైతు, పెద్దాయన. మనవరాలు మా బడిలోనే చదివేది.

వారం తిరక్కుండా ఒక వానపొద్దున నేను త్వరగా వెళ్లేసరికి, మూసిన గేటు ముందు మూడో తరగతి పిల్ల చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి తలల మీదా ఒకటే సంచి. వాళ్లమ్మ పరవాడ మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఆ వారం పొద్దున షిఫ్టు, ఆరున్నరకే కంపెనీ బస్సు. ఇంట్లో ఇంకెవరూ లేరు. సాయంత్రం ఆమె బస్సు దిగేదాకా ఉండి, మీటింగులో ఎందుకు చెప్పలేదని కాస్త నిష్ఠూరంగానే అడిగాను.

"సమ్మతమేనా అని అడిగేరు మేడమ్. ఎవులికి కష్టమని అడగలేదు కదా," అంది నెమ్మదిగా.

ఆదివారం మళ్లీ అందరినీ పిలిచాను. బల్ల తీయించి, చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురాకూడదన్నాను. ఆ పిల్లల తల్లి రెండు మాటలు అనేసరికే పెద్దాయన అందుకున్నారు. "మీరు ఎప్పుడూ మాట్లాడతారు కదండీ, ఇవాళ వినండి," అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కండువా సర్దుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆమె కూడా నోరు విప్పలేదు. ఒకరికి మాట్లాడే వీలు కల్పించబోయి ఇద్దరి మాటా పోగొట్టానని అప్పుడు తెలిసింది.

మర్నాడు బడి వదిలాక ఆయన ఇంటికి వెళ్లి, తప్పు నాదేనన్నాను. ఆయన అన్నారు:

"నలుగురిలో నోరు మూయించేసేరు టీచరమ్మా. ముందే ఒక మాట సెప్పుంటే నానే ఆగుదును."

మూడో మీటింగు ఎలా నడపబోతున్నానో ముందే ఆయనకు వివరంగా చెప్పాను. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆయన విన్నారు. విన్నాక మెత్తబడలేదు. పెద్దవాళ్లు లేనప్పుడు ఏ పిల్లకైనా దెబ్బ తగిలితే పూచీ ఎవరిదని ఆమెనే అడిగారు. కుళాయిల గొడవ వెనక ఈ భయం ఉందని నేను ముందు గమనించనే లేదు. మధ్యాహ్నం షిఫ్టు పడిన వారాల్లో పొద్దున తానొచ్చి కూర్చుంటానంది ఆమె. మిగతా వారాలకు ఇంకో నలుగురు తల్లులు ఒప్పుకున్నారు. తనకింకా నమ్మకం కుదరలేదని, నెల్రోజులు చూద్దామని పెద్దాయన అన్నారు. ఆ మాట కూడా తీర్మానంలో రాశాను.

గేటు ఆరింటికి తెరవడం మొదలుపెట్టాం. నెల తర్వాత కూడా ఆయన తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోలేదు. కానీ పొలానికి వెళ్తూ బడి దగ్గర సైకిలు ఆపి, లోపల ఉన్న పిల్లల్ని ఒకసారి చూసుకుని వెళ్లేవారు.