కొరివి దెయ్యం ముఖచిత్రం

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకోని కుర్రాడూ, కంప్యూటర్ నేర్పని మేడా కనిపించేవి కావు. నేనూ నేర్చుకుని, ఉద్యోగంలో చేరి, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేవాణ్ణి. (పట్టినందుకు వాళ్లకు క్షమాపణ కూడా నేనే చెప్పేవాణ్ణి.) మారేడ్‌పల్లిలో మా వీధి వీధంతా నన్ను ‘బుద్ధిమంతుడు’ అనేది. ఆ మాట వింటే ఒళ్లు మండేది. జన్మకో శివరాత్రిలా ఒక్కసారైనా, ఒక్క మనిషైనా నన్ను చూసి జడుసుకోవాలని నా కోరిక.

అలాంటి సమయంలో బ్లాక్ మెటల్ చెవిన పడింది. నరకంలోంచి ఎవరో గొంతు చించుకుంటున్నట్టుండే ఆ సంగీతం చలిదేశాల వాళ్లది. వాళ్లు తమ అడవి భూతాల మీద పాడుకుంటుంటే, దెయ్యాల విషయంలో మనకేం తక్కువ అనిపించింది. విజయనగరం వైపు మా నాయనమ్మ చెప్పిన కొరివి దెయ్యాన్ని పట్టుకొచ్చి, అది చచ్చింది మొదలు ఊరు తగలబెట్టేదాకా పాట పాటకీ కథ నడిచేలా ఒక ఆల్బమ్ అల్లేశాను. డ్రమ్స్ వాయించేది రాంగోపాల్‌పేట్ మిత్రుడు, ముద్దుపేరు డప్పు. పాటలు కుదిరాయి గానీ ముఖచిత్రం కుదరలేదు.

“బోనాల దినం మా గల్లీకి రా భయ్, మస్తు పబ్లిక్ ఉంటది” అన్నాడు డప్పు. “నిన్ను జూసి ఒక్కరన్న దడుసుకోనీ. ఫొటో గొడ్తా, అదే కవర్.”

బోనాల ఆదివారం చొక్కా విప్పి ఒళ్లంతా విభూతి పూసుకున్నాను. కళ్ల చుట్టూ కాటుక దట్టించి, గిటార్ కేబుల్ చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాను. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. “ఏట్రా ఆ ఏసం? ఉప్మా సల్లారిపోతంది, తినేసి ఎల్లు.” దెయ్యం ఉప్మా తిని బయల్దేరింది.

గల్లీలో బోనాలెత్తుకున్న ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. డప్పు కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను పళ్లు బిగించి, గుడ్లురిమి, వాళ్ల ముందుకు దూకాను. ఎవరూ జడవలేదు. ఒకామె నా భుజం మీది కేబుల్ చూసి, అమ్మవారి ముందు కొరడా ఝళిపిస్తూ నడిచే పోతరాజుననుకుంది. చంకలోని చంటిపాపను తెచ్చి నా చేతుల్లో పెట్టేసింది.

“పోతరాజన్నా, మా పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడుస్తున్నది. జెర చెయ్యి పెట్టి భయం తియ్యి.”

నేను పోతరాజును కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే కళ్లు మూసుకుని దండం పెడుతోంది. పాప నా కాటుక కళ్లకేసి ఎంతో ఆసక్తిగా చూస్తూ విభూతి మీద గీతలు గీసింది. ఎక్కడ జారవిడుస్తానోనని పాపను రెండు చేతులా పొదివి పట్టుకున్నాను. నెలల తరబడి సాధన చేసిన నరకపు గొంతు ఎటు పోయిందో, “భయం లేదమ్మా, భయం లేదు” అన్న రెండు ముక్కలే వచ్చాయి. తల్లి నా మొలలో వేపరెమ్మ దోపి, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. (ఇలా జరుగుతుందని డప్పుకి ముందే తెలుసేమోనని నాకిప్పటికీ అనుమానం.)

ఫొటో కడిగించాక చూస్తే అందులో జడుసుకున్న మొహం ఒక్కటే ఉంది, అది నాది. “గిది కవర్‌కు పనికిరాదు భయ్” అని డప్పు పెదవి విరిచాడు. మరో ముఖచిత్రం కుదరనూ లేదు, ఆల్బమ్ రానూ లేదు.

ఈమధ్య ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారట. విని నవ్వుకున్నాను, ఎప్పటి కోరిక ఎప్పటికి తీరింది! నాకు మాత్రం తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. ఆ రాత్రి పాప హాయిగా నిద్రపోయిందా?