హాట్ ప్రెస్‌లో ఆఖరి రౌండు

ఆ లాక్‌డౌన్ రోజుల్లో లోకమంతా ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తుంటే, నేను ఇంట్లో కూర్చుని ఉద్యోగం వెతుక్కునేవాణ్ణి. ఐర్లండులోని లిమరిక్‌లో నేను పనిచేసే చిన్న కంపెనీ మూతపడింది. వర్క్ పర్మిట్‌కు రెండు నెలలే గడువు. ఈలోగా ఎక్కడా దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి (విమానాలు లేవు కనుక సర్దుకున్న పెట్టె మీద కూర్చోవాలి). అలాంటప్పుడు ఓ పెద్ద టెక్నాలజీ కంపెనీ పిలిచింది. వీడియోలో నాలుగు రౌండ్లు ఎలాగో గట్టెక్కాను. ఐదోది మిగిలింది.

నా పక్కగదిలో గుంటూరు నర్సక్క అద్దెకుండేది. కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేది. మా మధ్య గోడ ఉందంటే ఉందనుకోవాలి. "తమ్ముడూ, నువ్వు ఇంగ్లీషు మాట్లాడుతుంటే చెవి దగ్గర పెళ్లి మైకు పెట్టినట్టుంటదిరా. ఇయ్యాల మాత్రం నన్ను పడుకోనియ్" అంది. అంత కష్టపడే మనిషిని లేపడం పాపమని, మెట్ల పక్కనున్న హాట్ ప్రెస్‌లో దూరాను. అంటే వేణ్ణీళ్ల ట్యాంకు ఉండే అలమర. తువ్వాళ్లు ఆరడానికి ఇక్కడివాళ్లు అందులో పెడతారు. కింది అరలు తీసేస్తే ఒక స్టూలు పడుతుంది. కోటూ టై వేసుకుని (కింద లుంగీ) తలుపు మూసుకున్నాను.

ఇంటర్వ్యూ చేసేది కార్క్ ఊరి వైపు ఐరిష్ పెద్దాయన. "కోటిమంది ఒక్కసారిగా వచ్చిపడితే నీ సిస్టమ్ ఏమవుతుంది?" అన్నాడు. నాకు తెలియదు. కానీ ఇంజినీరింగ్ కాలేజీ వైవాల కోసం మా సీనియర్లు నేర్పిన ధర్మం ఒకటుంది. తెలియదన్నవాడికి సున్నా, ఏదో ఒకటి వాగినవాడికి సగం మార్కులు. అందుకున్నాను. సర్వర్లన్నాను, క్యూలన్నాను, వాటి మేనమామల పేర్లు కూడా చెప్పాను. చెమట కళ్లలోకి కారుతోంది. భయం వల్లేమో అనుకున్నాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని నా భుజం వెనక్కి చూశాడు.

"అబ్బాయీ, ఆ ఎర్రలైటు ఏమిటి? ఇమ్మర్షన్ ఆన్‌లో ఉందా?"

ట్యాంకు హీటరు స్విచ్చి అది. స్నానం చేసిన అక్క ఆపడం మరిచిపోయింది. కరెంటు బిల్లు భయంతో ఐర్లండులో ఇల్లు కూలుతున్నా ముందు ఆపేది ఇమ్మర్షనే.

"ముందు అది ఆపు. ఇలా వదిలేస్తే మా అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు" అన్నాడు, నవ్వకుండా. లేచి ఆపాను. లేచినప్పుడు నా లుంగీ కూడా ఆయన చూశాడు. తిరిగి కూర్చున్నాక ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

"సార్, ఇందాకటి ప్రశ్నకు జవాబు నాకు తెలియదండి."

"గ్రాండ్, బాగుంది. ఇరవై నిమిషాలుగా ఆ మాట కోసమే చూస్తున్నాను. ఇప్పుడు ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అన్నాడు.

నిజంగానే ఆలోచించాం. ఆయన సగం చెబితే నేను సగం అందుకున్నాను. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. "స్విచ్చి నేను ఆపుంటే వచ్చేదా నీకు?" అని అక్క ఇప్పటికీ అడుగుతుంది.

ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మొన్న మనవైపు కుర్రాడొకడు ధారాళంగా చెప్పుకుపోతూ నేనెన్నడూ వినని పేరొకటి వాడాడు. అదేమిటి బాబూ అని అడగబోయాను. కానీ నన్ను చూసి పని నేర్చుకుందామని కొత్తగా చేరినమ్మాయి ఆ కాల్‌లోనే ఉంది. అన్నీ తెలిసినవాడిలా తలూపి ఏదో రాసుకున్నాను. ఆనాడు హాట్ ప్రెస్‌లో లుంగీతో కూర్చుని తెలియదన్న కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది.