శాస్త్రి గారి మోకాలు, మంగళవారం మధ్యాహ్నం

కరోనా సద్దుమణిగాక కాకినాడలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జిగా చేరాను. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా అక్కడే ఉన్నాను. ఇన్‌చార్జి అంటే డాక్టరు కాదు. పనిముట్లు శుద్ధి అయ్యాయా, మత్తు డాక్టరు వచ్చారా, రోగి సంతకం పెట్టారా అని చూసుకునేవాడు. అన్నీ సవ్యంగా జరిగితే పేరు సర్జన్ గారిది, ఏది తేడా వచ్చినా పిలుపు నాకు. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతుంటుంది. ఈ సంగతి మాత్రం, తీసేయగా మిగిలిన సగంలోది.

ఒక జ్యేష్ఠ మాసంలో పిఠాపురం నుంచి కామేశ్వరశాస్త్రి గారని ఒక పురోహితులు వచ్చారు. నలభై లోపు వయసు. బండి జారి పడితే కుడి మోకాల్లో మృదులాస్థి, అంటే ఎముక చివర నున్నగా ఉండే పొర, రూపాయి బిళ్ళంత మేర ఊడిపోయింది. నడవగలరు గానీ బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. కుర్చీలో కూర్చుని పెళ్ళి చేయిస్తానంటే ఎవరు పిలుస్తారండీ అన్నదే ఆయన బాధ.

ఆ పొర ఊడిపోతే దానంతట అది మళ్ళీ రాదు. వయసు చిన్నది గనక కీలు మార్చే జోలికి పోకుండా, ఆయన సొంత కణాలతోనే ఆ గుంట పూడుద్దామన్నారు మా సర్జన్ గారు. ముందు కెమెరా గొట్టం పెట్టి, మోకాల్లోనే బరువు పడని అంచు నుంచి బియ్యపుగింజంత ముక్కలు తీస్తారు. ల్యాబులో వాటి కణాలను కొన్ని వారాలు పెంచి, సీసాలో పోసి, చల్లని పెట్టెలో తిప్పి పంపుతారు. అప్పుడు మోకాలు తెరిచి, గుంట శుభ్రం చేసి, ఒకరకం జిగురుతో కలిపి అందులో నింపితే నిమిషాల్లో బిగుసుకుంటుంది. సీసా మీద గడువు రాసి ఉంటుంది. అది దాటితే పారబోయడమే. కథ మళ్ళీ మొదటికి.

ముక్కలు తీయడానికీ, తిరిగి పెట్టడానికీ శాస్త్రి గారే ముహూర్తాలు పెట్టుకున్నారు. రెండోది శ్రావణంలో ఒక సోమవారం ఉదయం. తీరా చూస్తే వానలు పట్టి, రాజమండ్రి రావాల్సిన విమానం రద్దయింది. పెట్టె ఏ ఊళ్ళు తిరిగిందో గానీ, మంగళవారం మధ్యాహ్నానికి నా చేతికొచ్చింది. చల్లదనం సరిచూశాను, బాగానే ఉంది. గడువు మాత్రం ఆ సాయంత్రం ఐదింటికి.

"ఇప్పుడు వర్జ్యం అండి," అన్నారు శాస్త్రి గారు. "అది పోగానే రాహుకాలం. అందులోనూ మంగళవారం!"

రాహుకాలం వెళ్ళేసరికి నాలుగున్నర. అప్పుడు మత్తిస్తే, మోకాలు తెరిచేలోపే గడువు చెల్లిపోతుంది.

ఆయనకు రాహువంటే అంత భయం లేదు. "ఊరందరికీ వద్దని చెప్పేవాణ్ణి, నేనే చేయించుకుంటే రేపు నా మాట ఎవరు వింటారండీ?" అన్నారు.

సర్జన్ గారు గట్టిగా చెప్పలేకపోయారు. ఆయన గృహప్రవేశానికి ముహూర్తం పెట్టింది ఈ శాస్త్రి గారే. "మీరు మాట్లాడండి," అని నాకు ఒప్పజెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

మాట్లాడమంటే నాకు తెలిసిన విద్య ఒక్కటే. "తణుకులో ఒకాయన నిండు వర్జ్యంలో చేయించుకుని, నెల తిరక్కుండా మోకాళ్ళ మీద కొండెక్కారండి!"

"తణుకులో కొండెక్కడిదండీ?"

"అదే... లిఫ్టు పాడైన అపార్ట్‌మెంటు లెండి."

నవ్వారు గానీ సంతకం పెట్టలేదు.

పక్కనే కూర్చున్న ఆయన భార్య లలిత గారు లేచారు. "మొన్న మాఘంలో, ఇంకా పడకముందు, అన్నవరంలో పెళ్ళి చేయించి సరిగ్గా వర్జ్యంలోనే ఇంటికొచ్చారు. గుమ్మంలో నిలబెట్టానా మిమ్మల్ని?"

"నా ఇంటికి నేను రావడానికి వర్జ్యం ఏంటి లలితా?"

"మరి ఆ సీసాలోవి ఎవరివండీ? మీ మోకాల్లోవే. పొరుగూరు వెళ్ళి పెరిగొచ్చి, వాటి గుమ్మం ముందు నిలబడ్డాయి. లోపలికి రానివ్వకుండా అక్కడే చావమంటారా?"

శాస్త్రి గారు వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలో మానేశారు. "అవి బయల్దేరిన ముహూర్తం దివ్యమైనది," అన్నారు నెమ్మదిగా. "నేనే పెట్టాను." నా జేబులోంచి పెన్ను ఆయనే తీసుకున్నారు.

గడువుకు ముందే సీసా ఖాళీ అయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు మోపకుండా, మిషను మీద మోకాలు వంచుతూ చాపుతూ ఓపిక పట్టారు. ఏడాది తిరిగాక ఒక పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. బాసింపట్టు వేసుకుని పీటల ముందు కూర్చున్నాయన తలంబ్రాల దాకా కదల్లేదు. పక్కన కూర్చున్న నాకు తిమ్మిరెక్కి, ఇద్దరు పట్టుకుని లేపారు.

ఆయన మాట చెల్లకుండానూ పోలేదు. జరిగింది తనే ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకున్నారు. అంతకుముందు మంగళవారం మధ్యాహ్నాలు మా థియేటర్ బోసిగా ఉండేది, నేను హాయిగా ఓ కునుకు తీసేవాణ్ణి. ఆ ఏడు నుంచి, "శాస్త్రి గారే చేయించుకున్నారు కదండీ," అంటూ రోగులు రావడం మొదలుపెట్టి నా నిద్ర చెడగొట్టారు.

నేను నేర్చుకున్నది ఇది. రోగి వద్దన్నప్పుడు వైద్యం గొప్పదనం మళ్ళీ మళ్ళీ చెప్పి లాభం లేదు. తన ఇంట్లో, తన పనిలో ఆయన ఇదివరకే దేనికి సరేనన్నారో కనుక్కోవాలి. అది నాకు తెలియదు, సర్జన్ గారికీ తెలియదు, ఇంట్లోవాళ్ళకు తెలుసు. అందుకని అప్పటినుంచి సంతకం అడిగే ముందు రోగితో పాటు, వెంట వచ్చినవాళ్ళకూ కుర్చీ వేసి అంతా వివరంగా చెప్పేవాణ్ణి.