పొద్దుటి కొలత

మా తాతయ్య ఎంతమందికి కాళ్ళిచ్చాడో ఆయనకే లెక్క తెలియదు. అన్నీ చెక్క కాళ్ళే. వీధిలో అందరికీ ఆయన కాళ్ళ మేస్త్రి. ఆ పిలుపు వింటే అమ్మమ్మకి ఒళ్ళు మండేది. చేతులతో పనిచేసే మనిషిని పట్టుకుని కాళ్ళ మేస్త్రి అనడమేమిటని ఆవిడ వాదన. తాతయ్యకి మాత్రం అదే బిరుదు. ఎవరైనా వీధిలో ఎదురుపడితే ముందు కాళ్ళకేసి చూసి, తర్వాత మొహంకేసి చూసి పలకరించేవాడు.

గోదాముల వెనక రేకుల షెడ్డు ఆయన పనిచేసే చోటు. గుమ్మంలో అడుగుపెడితే రంపప్పొట్టు వాసన, గోడ పొడుగునా మేకులకి వేలాడే కాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నేను జడుసుకుని అమ్మమ్మ కొంగు పట్టుకున్నాను. రెండోసారి ఒకదానికి గిలిగింతలు పెట్టి చూశాను.

మోకాలి కింద తీసేసిన కాలికి మిగిలే ముక్కని షెడ్డులో మొండి అంటారు. చెక్క కాలికి పైన తొలిచిన గుంటలోకి ఆ మొండి దిగాలి. ఆ గుంట పేరు గిన్నె. కాలు చెయ్యడమంటే అసలు పనంతా గిన్నెలోనే ఉంది. బిగువైతే నెత్తురాడదు, వదులైతే ఒరుసుకుని పుండవుతుంది. అయితే మొండి మెత్తటి కండ. దాని అడ్డాన్ని నేరుగా కొలవడానికి లేదు. రెండు పక్కలా ఇనప చెవులున్న కొలత సామాను పెట్టి నొక్కితే, ఎంత నొక్కితే అంత తక్కువ చూపిస్తుంది. అందుకని బట్ట టేపు చుట్టూ తిప్పి చుట్టుకొలత తీసుకోవాలి. గిన్నె తొలిచే మిషనుకి చుట్టుకొలతతో పని లేదు, దానికి అడ్డం చెప్పాలి. బడిలో వ్యాసం అనేది దాన్నే.

మా లెక్కల మాస్టారు ఈ సంగతి మీద ఒక నెల గడిపారు. ఆ నెలలో నేను నేర్చుకున్నది కిటికీ బయట ఎన్ని కాకులు వాలతాయో. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ తెగిపోయాక తాతయ్య అదే లెక్కని అన్నం గిన్నె మూత మీద పది నిమిషాల్లో చెప్పాడు. చుట్టుకొలతని మూడు పాయింట్ ఒకటి నాలుగుతో భాగిస్తే అడ్డం వస్తుంది, అంతే. నోటితో చేసుకోవాలంటే దానికో షెడ్డు పద్ధతి ఉంది. మూడో వంతు తీసుకుని, అందులో ప్రతి పన్నెండు సెంటీమీటర్లకీ ఒక అర సెంటీమీటరు తగ్గించాలి. ముప్పై ఆరు సెంటీమీటర్ల చుట్టయితే మూడో వంతు పన్నెండు, అర పోతే పదకొండున్నర. తర్వాత పెన్సిలు చెవి మీంచి తీసి భాగారం చేసి చూసుకునేవాడు. పదకొండు పాయింట్ నాలుగు ఆరు. నోటిలెక్క మనిషితో మాట్లాడ్డానికి, పెన్సిలు లెక్క చెక్క తొలవడానికి అనేవాడు.

అయితే నా తలకాయ అడ్డం ఎంతో చెప్పమన్నాను. టేపు తిప్పాడు. చుట్టు యాభై రెండు.

"అడ్డం పదహారున్నర" అన్నాడు. "లోపల ఖాళీ ఎంతో కొలిచే టేపు నా దగ్గర లేదమ్మడూ."

ఆ తర్వాత ఏడాదికే షుగరు పుండు ముదిరి అమ్మమ్మ కుడికాలు మోకాలి కింద తీసేశారు.

అమ్మమ్మకి మా వీధిలోనే ఇస్త్రీ కొట్టు. ముప్పై ఏళ్ళు ఆ బల్ల ముందు నిలబడి ఊళ్ళో వాళ్ళ చొక్కాలకి మడతలు పెట్టిన మనిషి. మేము ఉండేది మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు. ఆసుపత్రి కట్లకి వెళ్ళాల్సి వస్తే మామయ్య ఆవిడని గ్యాసు బండలా భుజాన వేసుకుని దించేవాడు. "మెల్లగా దించరా, సీలు ఊడుతుంది" అనేది. మామయ్య నవ్వేవాడు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. పైకి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాక చాలాసేపు గోడకేసి తిరిగి పడుకునేది. తన కాళ్ళ మీద తను ఆ మెట్లు దిగాలి, బల్ల ముందు నిలబడాలి. ఆవిడకి ఇంకో కోరిక లేదు.

ఇంట్లోనే కాళ్ళ మేస్త్రి ఉన్నాడు, ఆలస్యం దేనికని అందరూ అన్నారు. కానీ తాతయ్యకి ఒక కట్టుబాటు ఉంది. కోసిన మొండి మొదట వాచి ఉంటుంది, నెలల తరబడి తగ్గుతూ పోతుంది. అందుకని వారానికోసారి కొలిచి, మూడు వారాలు వరసగా ఒకే అంకె వస్తే తప్ప ఆయన చెక్క ముట్టుకోడు. అదీ పొద్దున్న, మనిషి మంచం దిగకముందు తీసిన కొలతే కొలత. కాలు కాసేపు కిందికి వేలాడేసి కూర్చుంటే నీరు దిగి మొండి ఉబ్బుతుంది. బస్సులో కూర్చుని వచ్చినవాళ్ళని షెడ్డులో అరగంట పడుకోబెట్టి గానీ టేపు తీసేవాడు కాదు. వాళ్ళ మీద విసుక్కున్న విసుగంతా సాయంత్రం అన్నం ముందు కూర్చుని అమ్మమ్మకి చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు విన్నది ఆవిడ.

మొదటి వారం ముప్పై ఏడు పాయింట్ ఎనిమిది. రెండో వారం ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది. మూడో వారం ముప్పై ఆరు. గోడ మీద పెన్సిలుతో రాసేవాడు. ఆ అంకెలు చూసి అమ్మమ్మ, ఇలా అయితే నేను మెట్లు దిగేసరికి మెట్లే అరిగిపోతాయి అంది.

నాలుగో వారం కొలత రోజున ఇంకా తెల్లవారకముందే మెలకువ వచ్చి చూద్దును కదా, అమ్మమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. మొండి కిందికి వేలాడుతోంది. తాతయ్య రోజూ ఆ వేళకి సందు చివర కుళాయి దగ్గర బిందెలతో వరసలో నిలబడి ఉంటాడు. గంట పడుతుంది. నేను లేవడం చూసి అమ్మమ్మ వేలు పెదాల మీద పెట్టుకుంది.

"కిటికీ దగ్గర నిలబడవే. బిందెలు సందు మలుపు తిరగ్గానే చెప్పు."

నాకు సరదాగా ఉంది. దొంగాటలో నా అంత గట్టిది మా వీధిలో లేదు. బిందెలు కనపడగానే ఈల వేశాను. ఆవిడ పడుకుని దుప్పటి కప్పుకుంది. తాతయ్య వచ్చి చేతులు తుడుచుకుని టేపు తిప్పాడు. ముప్పై ఆరు. అయిదో వారం కూడా ముప్పై ఆరే. ఆ రోజు తగ్గుతుందేమోనని అమ్మమ్మ ఇంకా ముందే లేచింది.

మూడుసార్లు ఒకే అంకె. తాతయ్య గోడ మీద మూడు అంకెల కిందా గీత కొట్టి, భాగారం చేసి, పదకొండు పాయింట్ నాలుగు ఆరు అని రాసి షెడ్డుకి వెళ్ళాడు. పన్నెండు రోజులు తిండి కూడా అక్కడే. అంత అందమైన కాలు ఆయన అంతకుముందు చెయ్యలేదు. పాదానికి అయిదు వేళ్ళూ చెక్కాడు, గోళ్ళతో సహా. అమ్మమ్మ ఎడమకాలి చిటికెన వేలు కొంచెం వంకర. దీనికీ ఆ వంకర పెట్టాడు.

వేసుకున్న రోజు అమ్మమ్మ యాభై నాలుగు మెట్లూ దిగింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా భుజం మీద. వీధంతా చూసింది. బల్ల ముందు నిలబడి ఒక చొక్కా ఇస్త్రీ చేసి, మడిచి, తాతయ్య చేతిలో పెట్టి, చూసింది చాలు పనికి పొమ్మంది. తాతయ్య ఆ చొక్కాని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళాడు.

కాలు వదులుగా ఉందని నాకు మర్నాడే చెప్పింది, తాతయ్యకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. బడి మానేశాక నా మేజోళ్ళు ఊరికే పడి ఉన్నాయి. ఒకటి మొండికి తొడిగింది. వారానికి రెండో మేజోడు. నెల తిరిగేసరికి మూడు. తాతయ్య రోజూ ఎలా ఉందని అడిగేవాడు. "పుట్టినప్పటి కాలు కూడా ఇంత బాగా లేదయ్యా" అనేది.

షుగరున్న ఒళ్ళు నొప్పి తొందరగా చెప్పదు. మూడు మేజోళ్ళ కింద ఒరుసుకున్న చోటు పుండై, నల్లబడి, వాసన వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు. ఆసుపత్రిలో రెండోసారి కొయ్యాలన్నారు, ఈసారి మోకాలి పైన. ఆ రోజు పొద్దున్న తాతయ్య అలవాటు కొద్దీ టేపు తీసి పుండు తగలకుండా చుట్టూ తిప్పాడు. ముప్పై మూడు. పెదాలు కదిలాయి. మూడో వంతు పదకొండు, అర కన్నా కాస్త తక్కువ పోతే పదిన్నర. ఆయన చేసిన గిన్నె పదకొండున్నర. ఒక్క సెంటీమీటరు తేడా. నా చిటికెన వేలి వెడల్పు.

అమ్మమ్మ ఆ రెండో కోత నుంచి తేరుకోలేదు. తొమ్మిదో రోజున పోయింది.

తర్వాత తాతయ్య షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో కూర్చుని కనపడ్డ ప్రతి గుండ్రటి వస్తువుకీ టేపు తిప్పేవాడు. బిందె, డబ్బా, రోకలి. కాగితం మీద భాగారం చేసి, ఇనప కొలతతో అడ్డం చూసుకుని, రెండూ సరిపోతే ఇంకా కుంగిపోయేవాడు. టేపు సాగిందేమోనని మామయ్య అన్నాడు. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది గానీ ఎక్కువ చూపించదని తాతయ్య జవాబు. టేపు తప్పు కాదు, భాగారం తప్పు కాదు, ఇంక మిగిలింది తన కళ్ళే అన్నాడు. కాలు చేయించుకోవడానికి ఇంటిదాకా వచ్చిన లారీ డ్రైవరుని గుమ్మంలోంచే పంపేశాడు. నా చేతిలో పడితే ఉన్న మోకాలు కూడా పోతుంది నాయనా, వేరే మేస్త్రిని చూసుకో అని.

చచ్చిపోయిన మనిషికి వేసిన ఒట్టు బతికున్న మనిషిని తినేస్తుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటాను? ఒక మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. తెల్లవారుజామున మంచం అంచు, కిటికీ, ఈల, మేజోళ్ళు. తప్పు నీ కళ్ళది కాదు తాతయ్యా, అమ్మమ్మదీ నాదీ అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆయన టేపుని వేలికి చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"తొడ వెనక అడ్డంగా గీత ఉండేదే" అన్నాడు చివరికి. "మంచం పట్టె నొక్కుకున్న గీత. ఎర్రగా. పడుకుని లేచిన మనిషికి అక్కడ గీత పడదు. రెండు వారాలూ చూశాను."

"చూసి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఆగాలి కదా. మీ అమ్మమ్మకే కాదు, నాకూ తొందరగానే ఉంది. మామయ్య దించుతుంటే దాని మొహం చూడలేకపోయాను. అంకె మూడుసార్లు వచ్చింది, చాల్లే అనుకున్నాను."

తలుపు వెనక నిలబెట్టిన కాలు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిన్నెలోంచి మేజోళ్ళు ఒక్కొక్కటే లాగాడు. మూడోదాని మడమ మీద నేను బడిలో ఉండగా సిరాతో గీసుకున్న కాకి బొమ్మ ఉంది. అది చూసి, తిక్క పిల్లవే అన్నాడు. మూడూ బకెట్లో వేసి సబ్బు పెట్టి ఉతికి కిటికీ ఊచలకి ఆరేశాడు. కాలుని మాత్రం తిరిగి తలుపు వెనకే పెట్టాడు.

వారం తర్వాత ఆ లారీ డ్రైవరుని వెతికి తెమ్మని మామయ్యని పంపాడు. ఇప్పుడు మళ్ళీ షెడ్డుకి వెళ్తున్నాడు. నవ్వడం తగ్గిపోయింది, నా తలకాయ ఎప్పుడూ కొలవడు. ఎవరైనా కొలతకి వస్తే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, టేపు తియ్యకముందు తొడ వెనక భాగం వెలుతురులో చూస్తాడు. గీత కనపడితే తిట్టడు. టేపు జేబులో పెట్టేసుకుని, మళ్ళీ వారం పొద్దున్నే నేనే మీ ఇంటికి వస్తాను, ఆ రోజు నేను వచ్చేదాకా మంచం దిగకుండా ఉండమంటాడు.