సుక్కమ్మకు వచ్చిన శిగం

కొల్లాపూర్ దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసే సుక్కమ్మ ఇద్దరు పిల్లల తల్లి. ఉన్నట్టుండి ఆమె ఆరేళ్ల పిల్లయిపోయేది. గొంతు సన్నబడేది, మూలకు ముడుచుకొని కూర్చునేది. తేరుకున్నాక ఏదీ గుర్తుండేది కాదు. దేవత పూనితే మా వైపు శిగం అంటారు. ఊరు దీన్నీ శిగమే అంది. ఆమె ముఖానికి పసుపు పూసి, చేతిలో వేపమండ పెట్టి, జోస్యం అడిగేది.

చిన్నప్పుడు సుక్కమ్మ గుర్వయ్య పటేలు ఇంట్లో వెట్టి చేసింది. చెంబు జారినా సరే, ఆయన వాతలు పెట్టి, వడ్లు పోసే గరిసెలోకి దించి మూత వేసేవాడు. ఆ ఏడుపు వీధిలోకి వినిపించేది.

అరవై అయిదులో వానలు ఎగ్గొట్టినప్పుడు ఆ పటేలే కొబ్బరికాయతో వచ్చి శిగంలో ఉన్న ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తల్లీ, వాన ఎప్పుడొస్తది?"

సుక్కమ్మ గోడకు అతుక్కుపోయింది.

"నేనెవ్వలకు చెప్ప పటేలా. జర మూత తియ్యి. ఊపిరాడ్తలేదు."

పటేలు ఆమె చేతిని పట్టుకొని, దానికంటిన పసుపును తన నుదుటికి రాసుకున్నాడు.

"అమ్మ దీవించింది," అన్నాడు.

ఒకప్పుడు గరిసెలోంచి ఆ ఏడుపు విన్నవాళ్లంతా చేతులెత్తి మొక్కారు.