యువరాణి తలుపు తీసినప్పుడు

యువరాణుల చేత మాట్లాడించడంలో కడప, కర్నూలు జిల్లాల్లో నన్ను మించినవాడు లేడు. నలభై జానపద నవలలు రాశాను. నా యువరాణి నోరు తెరిస్తే, బస్సులో చదువుకుంటున్న ఆడవాళ్లు దిగాల్సిన స్టాపు మరిచిపోయేవాళ్లు.

నలభై కాదులెండి, నాలుగు. అచ్చయినవి రెండు. స్టాపు మరిచిపోయింది కూడా ఒక్కావిడే. ఆమె నిద్రపోయి ఉండొచ్చు.

ఆ మాటలైనా పూర్తిగా నావి కావు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో గుమాస్తాగా ఉంటూ పదిహేను రోజులకోసారి కడపలో ఇంటికొచ్చేవాణ్ని. మా ఆవిడ పొయ్యి ముందర జొన్నరొట్టె తడుతుంటే, గోడకానుకుని రాసుకొచ్చింది చదివేవాణ్ని. ఆమె బాగుందనీ అనదు, బాగలేదనీ అనదు. మాట అబద్ధమైతే రొట్టె తట్టే చప్పుడు అట్లే సాగుతుంది. నిజమైతే చెయ్యి ఆగుతుంది. "ప్రాణేశ్వరా, విరహాగ్నిలో వేగిపోతున్నాను" అని నా యువరాణి వాపోయినప్పుడు ఆ చప్పుడు ఇంకా జోరందుకుంది. అది కొట్టేసి, "ఇంత చిక్కిపోయినావేమి?" అని చదివాను. చెయ్యి ఆగింది. ఆ ఒక్క ఆగడం కోసం మళ్లీ పదిహేను రోజులు రాసేవాణ్ని.

ఆమె పోయి మూడేండ్లు. ఐదో నవల చివరి అధ్యాయంలో నిలబడిపోయింది. యువరాజు పన్నెండేండ్లకు మాయాద్వీపం నుంచి తిరిగొస్తాడు. యువరాణి తలుపు తీస్తుంది. తీసి ఏమంటుంది? మూడేండ్లుగా గడపలోనే నిలబడి ఉంది, నోరు తెరవదు. నేను రాసింది నేనే చదువుకుంటే ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రొట్టెలు అంగట్లో కొనుక్కుంటున్నాను.

పోయిన వారం కర్నూలు బస్సెక్కి, అక్కణ్నుంచి షేరాటోలో కల్లూరు పోయాను. మా ఆవిడ అక్క, నాకు వదిన, అక్కడ కొడుకు దగ్గరుంటుంది. జొన్నరొట్టె చెయ్యమన్నాను. ఆకలేమో అనుకుంది పాపం. ఆమె తట్టడం మొదలుపెట్టగానే సంచిలోంచి కాగితాలు తీశాను. అదే చప్పుడు. అక్కాచెల్లెళ్లకు ఒకే తల్లి నేర్పిన చెయ్యి. కాసేపు అక్షరాలు కనపడలేదు.

యువరాణికి నేను రాసిపెట్టుకున్న మాటలు నాలుగు రకాలుగా చదివాను. వదిన చెయ్యి ఆగలేదు. ఇక కల్పన వద్దని జరిగిందే చెప్పాను. గనిలో పని ఎక్కువై ఒకసారి రెండు నెలలు ఇంటికి రాలేకపోయాను కదా, వచ్చిన రోజు మీ చెల్లెలు తలుపు తీసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, నువ్వు లేని ఇల్లు ఇల్లుగా లేదనింది, యువరాణి చేత అదే అనిపిస్తానన్నాను.

చెయ్యి ఆగింది. దొరికిందనుకున్నాను.

"యాడ ఏడ్చిందప్పా?" అనింది వదిన. "ఆ పొద్దు నేను మీ ఇంట్లోనే ఉంటి. తలుపు తీసి నిన్ను కిందికీ మీదికీ చూసి, 'చెప్పులు ఆడనే ఇడువు, ఇప్పుడే ఇల్లు తుడిచినా' అనింది. నువ్వు కాళ్లు కడగను పోతే పొయ్యి కాడ కూర్చుని, పెన్నం మీద రొట్టె మాడిపోతాన్నా తిప్పలే. రాస్తే అది రాయి. ఏడ్చిందని మాత్రం రాయొద్దు."